మందు ఆపిన పద్నాలుగు వారాలు: కోనసీమ నుంచి ఒక హెచ్‌ఐవీ కేసు

నా టేబుల్ సొరుగులో రెండు కాగితాలు ఒకే పిన్నుకి గుచ్చి ఉంటాయి. రెండూ ఒకే మనిషి జీనోటైప్ రిపోర్టులు, అంటే ఒంట్లోని వైరస్ జన్యువుల్లో మందుని తట్టుకునే మార్పులు ఏమున్నాయో చూపే పరీక్షవి. మొదటిది 2014 ఏప్రిల్‌ది, రెండోది అదే ఏడు సెప్టెంబరుది. ఏప్రిల్ రిపోర్టులో అలాంటి మార్పులు, అంటే మ్యుటేషన్లు, రెండు ఉన్నాయి: ఎం184వి, కే103ఎన్. సెప్టెంబరు రిపోర్టులో ఒక్కటే ఉంది, కే103ఎన్. తెలియనివాళ్ళు చూస్తే రెండోదే మంచి రిపోర్టు అనుకుంటారు. కానీ ఏప్రిల్‌లో లారీ నడుపుకుంటూ తిరిగిన మనిషిని సెప్టెంబరులో ఇద్దరు రెక్కలు పట్టుకుని మా దగ్గరికి తీసుకొచ్చారు.

వైరస్‌కి మందుని తట్టుకునే గుణం వేరు, తన కాపీలు తాను చేసుకుంటూ పెరిగే సత్తా వేరు. ఆ సత్తానే రెప్లికేషన్ కెపాసిటీ అంటారు. దీని గురించి చదివాను, మీటింగుల్లో విన్నాను. కానీ అది మనిషి ఒంట్లో ఎంత పని చేస్తుందో నాకు చూపించింది ఈ కేసే. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఊరు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. పరీక్షల అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఏఆర్టీ సెంటర్లలో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాల్లో, పనిచేసే కౌన్సెలర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, మందులు వాడుతున్నవాళ్ళు కూడా దీన్ని చదవాలని నా కోరిక.

ఆయనది కోనసీమలో ఒక లంక గ్రామం. అంబాజీపేట మార్కెట్ నుంచి కొబ్బరికాయల లోడు వేసుకుని ఉత్తరాదికి వెళ్ళి, రెండు వారాలకు తిరిగొచ్చేవారు. 2009 సెప్టెంబరులో ఎడమ డొక్క మీద సర్పి లేచింది. ఊళ్ళో పూత వేయించుకున్నా మంట తగ్గలేదు. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రంలో, రక్తపరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. బరువు 51 కిలోలు, హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలైన సీడీ4 కణాలు 164. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇవి 500 పైనే ఉంటాయి. భార్యకి కూడా పరీక్ష చేశాం. ఆవిడా పాజిటివే గానీ సీడీ4 702. పిల్లలిద్దరికీ నెగెటివ్.

ఉచిత ఏఆర్టీ మన దేశంలో 2004 ఏప్రిల్ 1న, ఆంధ్రప్రదేశ్‌తో సహా జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లోనూ ఢిల్లీలోనూ మొదలైంది. 2009 నాటికి ఇంకా సీడీ4 బాగా పడిపోయినవాళ్ళకే మందులు ఇచ్చేవాళ్ళం. అందుకని ఆయనకి జిడోవుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ మూడూ కలిసిన మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి మొదలుపెట్టాం. ఆవిడని ఆరు నెలలకోసారి వచ్చి సీడీ4 చూపించుకోమన్నాం. ఆవిడ సంగతి మళ్ళీ చెప్తాను.

మొదటి మూడేళ్ళు బాగా గడిచాయి. 2012లో ఆయన సీడీ4 412కి చేరింది, బరువు 63 అయింది. ఒంట్లో బాగుండటంతో లాంగ్ ట్రిప్పులు మళ్ళీ మొదలయ్యాయి. మాత్రల డబ్బా వెంట తీసుకెళ్తే క్లీనర్ కుర్రాడు అడుగుతాడని భయం. ఖాళీ జర్దా డబ్బాలో లెక్కపెట్టుకుని పోసుకునేవారు. ట్రిప్పు పన్నెండు రోజులనుకుంటే పదహారు రోజులు పట్టేది. మిగిలిన నాలుగు రోజులు మాత్రల్లేవు. ఇలా ఏడాదిన్నరలో ఎన్నిసార్లు జరిగిందో ఆయనకే గుర్తు లేదు.

ఈ మాత్రలో ఒక చిక్కుంది. మాత్ర ఆపేస్తే జిడోవుడిన్, లామివుడిన్ తొందరగా ఒంట్లోంచి వెళ్ళిపోతాయి. నెవిరాపిన్ మాత్రం చాలా రోజులు రక్తంలో ఉంటుంది. అంటే ఆ రోజుల్లో వైరస్ ఎదుర్కొంటున్నది ఒక్క నెవిరాపిన్‌నే. మందులేమీ వాడని మనిషి ఒంట్లో రోజుకి సుమారు 1,000 కోట్ల వైరస్ కణాలు పుడతాయి. ఆ వైరస్ జన్యుపటం 9,700 అక్షరాలదాకా ఉంటుంది. దాన్ని కాపీ చేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌కి తప్పులు సరిదిద్దుకునే పద్ధతి లేదు. అన్ని కాపీల్లో ఏదో ఒకటి నెవిరాపిన్‌ని తట్టుకునేలా పుడుతుంది. ఒక్క మందు మాత్రమే ఉన్నప్పుడు ఆ ఒక్కటే పెరిగి ముందుకొస్తుంది. కే103ఎన్ అలా వచ్చిందే అయ్యుంటుంది. మళ్ళీ మాత్ర మొదలుపెట్టినప్పుడు నెవిరాపిన్ పనిచేయక, మిగిలిన రెండింటి ఒత్తిడిలో లామివుడిన్‌ని తప్పించుకునే ఎం184వి వచ్చింది.

2014 ఫిబ్రవరిలో సీడీ4 318. అప్పట్లో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, అందరికీ చేసేవాళ్ళం కాదు, అనుమానం వస్తేనే పంపేవాళ్ళం. పంపితే 7,400 వచ్చింది. మందులు సరిగ్గా పనిచేస్తుంటే అసలు కనిపించకూడదు. బావమరిది డబ్బు పెట్టుకుని ప్రైవేటు ల్యాబులో జీనోటైప్ చేయించారు. అదే ఏప్రిల్ రిపోర్టు.

మా మాట వల్ల జరిగిన తప్పు కూడా రాయాలి. ఎందుకంటే ఇది ఇంకా చాలాచోట్ల జరుగుతోంది. ఏప్రిల్ చివర్లో ఆయన్ని కూర్చోబెట్టి, "మీ మందు ఫెయిలయిందండీ, సెకండ్ లైన్‌కి మార్చాలి" అని చెప్పాం. సెకండ్ లైన్ అంటే మొదటి మందులు చాలనప్పుడు ఇచ్చే రెండో వరస మందులు. మార్చాలంటే నిపుణుల కమిటీ చూడాలి, ఆయన స్వయంగా పెద్ద సెంటరుకి వెళ్ళాలి. రెండుసార్లు తేదీ ఇచ్చారు. ఒకసారి ఆయన ట్రిప్పులో ఉన్నారు, ఇంకోసారి కమిటీ కూర్చోలేదు. మార్చేదాకా పాత మాత్రలే వాడమని కార్డు మీద రాశాం. అయితే ఆయన చెవిలో మిగిలింది ‘ఫెయిల్’ అన్న ఒక్క మాటే. జూన్ రెండో వారంలో మాత్రలు మానేశారు. తర్వాత ఆయనే చెప్పారు: "ఫెయిలైపోయిన మందు మింగడమెందుకండీ, కడుపులో వికారం తప్ప. ఆయ్, మీరే చెప్పారు కదా పనిచేయట్లేదని." ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

నిజానికి ఆ మందు పనిచేస్తూనే ఉంది. పూర్తిగా కాదు, కానీ బాగానే పనిచేస్తోంది. మే నెలలో కూడా ఆయన సీడీ4 309. అంటే మూడు నెలల్లో తగ్గింది తొమ్మిదే. రక్తంలో వైరస్ ఉంది, రెసిస్టెన్స్, అంటే మందుని తట్టుకునే గుణం, ఉంది, అయినా సీడీ4 దాదాపు ఉన్నచోటే నిలబడింది. ఎందుకో అప్పుడే ఆయనకి చెప్పగలిగి ఉంటే మానేసేవారు కాదేమో.

సెప్టెంబరు మూడో వారంలో వచ్చారు. పద్నాలుగు వారాలైంది. నోరంతా తెల్లపూత, అంగిలి మీద గోరుతో గీకితే పెరుగు తునకల్లా ఊడి వస్తోంది. మంచినీళ్ళు మింగినా రొమ్ము వెనకాల మంట. అంటే పూత అన్నవాహిక దాకా దిగింది. జ్వరం, విరేచనాలు. బరువు 54. టీబీ లేదని తేల్చుకున్నాం. సీడీ4 121. వైరల్ లోడ్ 2,86,000. ఫిబ్రవరితో పోలిస్తే వైరస్ దాదాపు 39 రెట్లు పెరిగింది. మే నుంచి నాలుగు నెలల్లో సీడీ4 దాదాపు 190 పోయింది. మందులు వాడనివాళ్ళలో సీడీ4 అంతలా తగ్గడానికి మామూలుగా ఏళ్ళు పడుతుంది.

అదే వారం బావమరిది మళ్ళీ జీనోటైప్ చేయించారు. ఆ రిపోర్టు పట్టుకొచ్చి, "ఒక మ్యుటేషన్ పోయిందండీ, మంచిదే కదా?" అని ఆశగా అడిగారు.

ఎం184వి అంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్‌లో 184వ స్థానంలో మెథియోనిన్ ఉండాల్సిన చోట వాలిన్ వచ్చి కూర్చోవడం. వాలిన్ ఆకారం వల్ల లామివుడిన్ అణువు అక్కడ ఇమడదు. అందుకే మందు పనిచేయదు. అయితే ఎంజైమ్ పనిచేసే చోటనే ఈ మార్పు జరిగింది కాబట్టి దాని సొంత పని కూడా మందగిస్తుంది. ముఖ్యంగా కణంలో డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకు తక్కువగా ఉన్నప్పుడు కాపీ మధ్యలోనే ఆగిపోతుంటుంది. కే103ఎన్ అలా కాదు. నెవిరాపిన్ అతుక్కునే చోటు వేరు, అక్కడ చిన్న మార్పు జరిగినా ఎంజైమ్ అసలు పని పెద్దగా దెబ్బతినదు. వైరస్‌కి ఎం184వి ఖరీదైన మార్పు, కే103ఎన్ చవకైన మార్పు. మందు ఒత్తిడి పోగానే ఖరీదైనదాన్ని వదిలించుకుంది, చవకైనదాన్ని అలాగే ఉంచుకుంది. ఆ రెండు రిపోర్టుల్లో కనిపిస్తున్నది ఇదే.

ఆయన డ్రైవరు కాబట్టి ఆయనకి ఇలా చెప్పాను. "మీ రక్తంలో వైరస్సులు లారీలనుకోండి. మందు చెక్‌పోస్టు. చెక్‌పోస్టు ఉన్నంతకాలం ఓవర్‌లోడ్ బండ్లు హైవే ఎక్కలేవు. ఏటిగట్టు మీద మట్టిరోడ్డు పట్టుకుని, గుంతల్లో పడుతూ లేస్తూ వెళ్తాయి. వెళ్తాయి గానీ మెల్లగా, కొన్నే వెళ్తాయి. మీరు మాత్రలు ఆపేశారు. చెక్‌పోస్టు ఎత్తేశారన్నమాట. ఇక మట్టిరోడ్డుతో ఎవరికి పని?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న నేను ఏ డాక్టరు నోటా వినలేదు: "గట్టు దారి తెలిసిన డ్రైవర్లు ఆ దారి మర్చిపోరు కదండీ?"

మర్చిపోరు. ఈ కేసులో వైద్యులు గమనించాల్సిన అసలు సంగతి అదే. సెప్టెంబరు రిపోర్టులో ఎం184వి లేదంటే అది ఒంట్లోనే లేదని అర్థం కాదు. జీనోటైప్ పరీక్ష ఆ రోజు రక్తంలో ఎక్కువగా తిరుగుతున్న వైరస్‌నే చూపిస్తుంది. వేగంగా పెరిగే పాత వైరస్ ముందుకొచ్చేసరికి ఎం184వి ఉన్నది పరీక్షకి అందనంత తక్కువైంది. కానీ నిద్రాణంగా ఉండే సీడీ4 కణాల డీఎన్ఏలో అది అచ్చుపడి ఉంటుంది. లామివుడిన్ ఒత్తిడి మళ్ళీ రాగానే వారాల్లో బయటికొస్తుంది. రెండో రిపోర్టు ఒక్కటే చూసి, "నెవిరాపిన్ ఒక్కటే మారిస్తే చాలు, మిగతా రెండూ బాగానే పనిచేస్తాయి" అనుకుని మందు రాస్తే ఇంకో ఆరు నెలలకి మళ్ళీ ఇదే గతి. మందు ఆపిన నాలుగు వారాల తర్వాత తీసిన ఏ జీనోటైప్‌నీ ఒంటరిగా నమ్మకూడదు. మందు వాడుతున్నప్పటి రిపోర్టూ, వాడిన మందుల చరిత్రా పక్కన పెట్టుకుని చదవాలి. ఆ బావమరిది డబ్బు పెట్టి ఏప్రిల్‌లో ముందే చేయించి ఉండకపోతే నాకూ ఆ పొరపాటు జరిగేదే.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఫిబ్రవరిలో వైరల్ లోడ్ తక్కువగా ఉన్నది వైరస్ బలహీనపడటం వల్లా, జిడోవుడిన్ ఇంకా కొంత పనిచేస్తుండటం వల్లా? రెండూ నిజమే. ఎం184వి ఉన్న వైరస్‌పై జిడోవుడిన్, టెనోఫోవిర్ మామూలు కన్నా బాగా పనిచేస్తాయి. అందుకే రెండింటినీ విడదీయడం కష్టం. 2001లో శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీవెన్ డీక్స్ బృందం ఇలాంటి రోగుల్నే గమనించింది. రెసిస్టెన్స్ ఉండి, రక్తంలో వైరస్ కనిపిస్తున్నా మందులు వాడుతున్నవాళ్ళు వాటిని ఆపితే, కొద్ది వారాల్లో మందులకు లొంగే పాత వైరస్ తిరిగొచ్చింది. ల్యాబులో కొలిస్తే దాని రెప్లికేషన్ కెపాసిటీ పెరిగింది, దానితోపాటే సీడీ4 పడిపోయింది. మందుల ప్రభావాన్ని కొంత పక్కకి పెట్టి చూడటానికి 2006లో ఇటలీ వైద్యులు ప్రచురించిన పరిశోధన నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎం184వి ఉన్నవాళ్ళలో కొందరికి అన్ని మందులూ ఆపారు, కొందరికి లామివుడిన్ ఒక్కటే కొనసాగించారు. ఆ వైరస్‌ని లామివుడిన్ ఆపలేదు కదా. అయినా అది వాడినవాళ్ళలో వైరస్ అంతగా ఎగబాకలేదు, సీడీ4 అంతగా పడలేదు. లామివుడిన్ అక్కడ చేసిన పని వైరస్‌ని చంపడం కాదు, దాన్ని మట్టిరోడ్డు మీదే ఉంచడం.

అందుకే సెకండ్ లైన్‌లో కూడా ఆయనకి లామివుడిన్ ఉంచాం. 2014 అక్టోబరులో కమిటీ అనుమతితో టెనోఫోవిర్, లామివుడిన్, రిటోనావిర్ కలిపిన అటాజనావిర్ మొదలయ్యాయి. ఫ్లూకొనజోల్‌తో పూత వారం రోజుల్లో తగ్గింది. రెసిస్టెన్స్ ఉన్న మందునే మళ్ళీ ఎందుకు రాశారని ఒక జూనియర్ డాక్టరు అడిగారు, సరైన ప్రశ్నే. ఎం184వి తిరిగొస్తే రానివ్వండి, వస్తే వైరస్ నెమ్మదిస్తుంది, టెనోఫోవిర్ ఇంకా బాగా పనిచేస్తుంది అని చెప్పాను.

మూడో నెలలో ఇంకో ఆపద తప్పింది. ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు అనుకుని ఇంట్లోవాళ్ళు పసరు మందుకి బయల్దేరారు, మాత్రలు మానేయాలని కూడా తీర్మానించుకున్నారు. రేవు దగ్గర పంటు కోసం ఎదురుచూస్తూ ఆయన మా కౌన్సెలరుకి ఫోన్ చేశారు. అటాజనావిర్ వాడేవాళ్ళలో కొందరికి రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగి కళ్ళు పచ్చగా కనిపిస్తాయి, అది లివర్ పాడవడం కాదు. వెనక్కి పిలిచి పరీక్ష చేశాం, లివర్ ఎంజైములు మామూలుగానే ఉన్నాయి. ఆ ఫోన్ రాకపోతే ఇంకో పద్నాలుగు వారాలు పోయేవి. సెకండ్ లైన్ ఇచ్చే రోజే కళ్ళ సంగతి చెప్పడం అప్పట్నుంచి తప్పనిసరి చేసుకున్నాం.

2015 ఏప్రిల్‌లో వైరల్ లోడ్ కనిపించలేదు. అక్టోబరులో సీడీ4 268, 2018లో 455.

ఇప్పుడు ఆవిడ సంగతి.

భర్తకి ఇంత జరుగుతున్నా ఆవిడకి ఏమీ కాలేదు. 2009లో 702 ఉన్న సీడీ4 2013కి 640, 2017కి 588. ఎనిమిదేళ్ళలో పోయినవి 114, ఆయనకి ఒక్క వర్షాకాలంలో అంతకన్నా ఎక్కువ పోయాయి. మందులు లేకుండా ఎయిడ్స్ దశకి రావడానికి సగటున ఎనిమిది నుంచి పదేళ్ళు పడుతుంది. ఆవిడ ఆ గడువుకి దగ్గరైనా రోజూ కొబ్బరి వలుపు పనికి వెళ్తూనే ఉన్నారు. 2017లో సీడీ4తో సంబంధం లేకుండా పాజిటివ్ అయిన అందరికీ మందులివ్వాలని మన దేశంలో నిర్ణయమైంది. ఆవిడని పిలిచి మొదలుపెట్టే ముందు వైరల్ లోడ్ చూస్తే 2,100.

"నాకేం కాలేదు కదండీ. నా వైరస్ మెతకదేమో. నాకెందుకీ మాత్రలు?" అన్నారు.

మెతక వైరస్సులు నిజంగానే ఉంటాయి. అందరికన్నా ప్రసిద్ధమైనది సిడ్నీలోది. 1980ల మొదట్లో అక్కడ ఒక రక్తదాత నుంచి రక్తం ఎక్కించుకున్న కొందరికి హెచ్‌ఐవీ సోకింది, కానీ వాళ్ళు ఏళ్ళ తరబడి మందులేమీ లేకుండా బాగున్నారు. వాళ్ళందరి వైరస్‌లో నెఫ్ అనే జన్యువులో ముక్క లేదని 1995లో తేలింది. ఆ ముక్క లేక వైరస్ సత్తా తగ్గింది. అయితే వాళ్ళలో కొందరికి పదిహేనేళ్ళు దాటాక సీడీ4 తగ్గడం మొదలైంది. ఈ చివరి మాట ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

భార్యాభర్తల విషయంలో నాకు ఇంకా దగ్గరగా అనిపించేది జాంబియాలోని పరిశోధన. లుసాకాలో ఎమరీ విశ్వవిద్యాలయంతో కలిసి ఏళ్ళ తరబడి జంటల్ని గమనించారు. అక్కడా మన దేశంలో లాగే ఎక్కువగా ఉండేది హెచ్‌ఐవీలో సబ్‌టైప్ సి అనే రకం. ఒకరి నుంచి ఒకరికి సోకిన తొలి వైరస్‌లోని గాగ్ అనే జన్యువుని తీసి, ల్యాబు వైరస్‌లో పెట్టి, ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచారు. 2012లో, మళ్ళీ 2015లో ప్రచురించిన ఫలితాల సారం ఇది: తక్కువ సత్తా ఉన్న వైరస్‌తో మొదలైనవాళ్ళలో సీడీ4 నెమ్మదిగా తగ్గింది. వైరల్ లోడ్‌ని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది. సత్తా ఎక్కువున్న వైరస్ సోకినవాళ్ళలో మొదట్లోనే ఒంట్లో మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఎక్కువగా ఉంది. దీర్ఘకాలం బతకాల్సిన జ్ఞాపక సీడీ4 కణాల్లోకి కూడా వైరస్ తొందరగా చొరబడింది. మొదటి వారాల్లో జరిగినదాని గుర్తు ఏళ్ళ తర్వాత కూడా కనిపిస్తుందన్నమాట.

గాగ్ ఎందుకు ముఖ్యమో ఆయన కేసు తెలిసినవాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి57 లాంటి జన్యువులున్నవాళ్ళ రోగనిరోధక కణాలు గాగ్‌లోని కొన్ని ముక్కల్ని గుర్తుపట్టి దాడి చేస్తాయి. తప్పించుకోవడానికి వైరస్ గాగ్‌లో 242వ స్థానంలో మార్పు తెచ్చుకుంటుంది, దానికి ధరగా వేగం తగ్గుతుంది. ఆ వైరస్ బి57 లేని మనిషిలోకి వెళ్తే ఆ మార్పుని వదిలేసి పాత రూపానికి వస్తుంది. అక్కడ చెక్‌పోస్టు మందు కాదు, ఒంట్లోని కణాలే. తీరు మాత్రం ఒకటే. భర్త ఒంట్లో అతని కణాల్ని తప్పించుకుంటూ కుంటుపడిన వైరస్ భార్యకి సోకితే, మొదట్లో ఆవిడకి కొంత వెసులుబాటు దొరకొచ్చు. ఆవిడకి జరిగింది ఇదేనా, లేక ఆవిడ సొంత జన్యువులే కాపాడాయా అన్నది ఆ పరీక్షలు చేయించకుండా నేను తేల్చి చెప్పను. చికిత్సకి ఆ తేడాతో పని కూడా లేదు.

రెండో వైపు కూడా ఆవిడకి చెప్పి ఉండేవాణ్ణి, కానీ అది ఇంకా అప్పటికి బయటికి రాలేదు. 2022లో నెదర్లాండ్స్‌లో ఒక రకాన్ని గుర్తించారు. అది సోకినవాళ్ళలో వైరల్ లోడ్ మూడున్నర నుంచి ఐదున్నర రెట్లు ఎక్కువ, సీడీ4 రెట్టింపు వేగంతో తగ్గుతుంది. మందులు మొదలుపెట్టాక వాళ్ళూ మిగతావాళ్ళలాగే కోలుకున్నారు. కాలం గడిచేకొద్దీ వైరస్ తనంతట తానే మెత్తబడుతుందని ధీమాగా చెప్పేవాళ్ళు మా మధ్య కూడా ఉండేవారు. ఇప్పుడు ఆ మాట అనడం మానేశారు.

ఆవిడ ప్రశ్నకి నా జవాబు చిన్నదే. సీడీ4 500 దాటి ఉన్నవాళ్ళకి వెంటనే మందులివ్వడమా, ఆగడమా అని 2015లో స్టార్ట్ అనే పెద్ద పరీక్షలో చూశారు. వెంటనే మొదలుపెట్టినవాళ్ళలో పెద్ద జబ్బులూ మరణాలూ సగానికి పైగా తగ్గాయి. రక్తంలో 2,100 అంటే ఏ ముక్కలో ఏ తప్పు పుడుతుందో, ఏది పెరిగి ముందుకొస్తుందో అన్న ఆట రోజూ నడుస్తూనే ఉంది. కుంటి వైరస్ నడక నేర్చుకోకుండా ఉండాలంటే కాపీలే జరగకూడదు. ఇంకోటి, రక్తంలో వైరస్ కనిపించని స్థితిలో ఉన్నవాళ్ళ నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఆవిడ అడిగింది మాత్రం వేరే: "మాత్రలు వేసుకుంటే పనిలో తల తిరుగుతుందా?" ఎఫవిరెంజ్ ఉన్న మాత్ర కాబట్టి మొదటి రెండు వారాలు తిరిగింది. రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నాక సర్దుకుంది. ఆరో నెలకి వైరస్ కనిపించలేదు. 2021లో డోల్యూటెగ్రావిర్ ఉన్న మాత్రకి మార్చాం.

రెప్లికేషన్ కెపాసిటీని మా సెంటరులో కొలవలేం, కొలవాల్సిన అవసరమూ రాదు. రోగి ముందు కూర్చున్నప్పుడు ఆ ఆలోచన మనసులో ఉంటే చాలు, కొన్ని మాటలు మారతాయి. మేం ‘ఫెయిల్’ అన్న మాట వాడటం మానేశాం. "ఈ మందు సగం పనే చేస్తోంది, ఇంకా మంచిది తెప్పిస్తున్నాం, అది మీ చేతికొచ్చేదాకా ఇది ఒక్క పూట కూడా మానొద్దు" అంటున్నాం. చెప్పి వదిలేయం, మళ్ళీ మనిషి నోటితో చెప్పించుకుంటాం. లాంగ్ ట్రిప్పులు వెళ్ళేవాళ్ళకి, గల్ఫ్‌లో ఉండి సెలవుకి వచ్చేవాళ్ళకి లెక్కకన్నా పది రోజులు ఎక్కువే ఇస్తాం. మందు మార్చడానికి ఆలస్యమైతే తేదీ మిస్సయిన రోజే ఫోన్ వెళ్తుంది.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వాళ్ళ లంక మునిగింది. పునరావాస కేంద్రం నుంచి ఆవిడ మా కౌన్సెలరుకి ఫోన్ చేశారు. మాత్రల డబ్బాలు రెండూ పాలిథిన్ కవరులో కట్టి, ఆ మూటని నడుముకి చుట్టుకుని పడవెక్కారట. "బియ్యం తడిసిపోయాయి గానీ మందులు తడవలేదండీ. ఆయనా వేసుకున్నారు, నేనూ వేసుకున్నాను. ఇంకా పదమూడు రోజులకి ఉన్నాయి" అన్నారు. ఆగస్టులో నీళ్ళు తీశాక ఇద్దరూ వచ్చారు. ఇద్దరికీ రక్తం తీసి పంపాం. ఇద్దరి రిపోర్టుల్లోనూ వైరస్ కనిపించలేదని వచ్చింది.